కోట మీద ఎర్రజెండా

దయ్యాల్లో నాకు తెలిసింది ఒక్క రకమే. చిన్నప్పుడు చర్చిలో ఆదివారపు బడి టీచరమ్మ చెప్పిన, పందుల్లో దూరి సముద్రంలో పడ్డవి. అవి మునిగిపోయాయి కాబట్టి ఆ సంగతి అక్కడితో తీరిపోయిందనుకున్నాను. లాలాగూడలో మా క్వార్టర్ వెనక చింతచెట్టు మీద ఏదో ఉందని పక్కింటివాళ్లు హడలిపోతుంటే, నేను దాని కిందే బట్టలారేసుకునేదాన్ని. తర్వాత నన్ను పిరికిదనుకోకూడదని ఇది ముందే చెబుతున్నాను.

మా నాన్న రైలు గార్డుగా చేసి రిటైరయ్యారు. రిటైరైంది ఉద్యోగం నుంచే. ఇంట్లో డ్యూటీ నడుస్తూనే ఉండేది. అమ్మ "వడ్డించాను, రండి" అంటే తప్ప కంచం ముందు కూర్చోరు. ఆటోవాడు ఎర్ర లైటు దాటితే అక్కడే దిగిపోయి నడిచొస్తారు. మేమంతా చాటుగా నవ్వుకునేవాళ్లం.

అప్పటికింకా ఉమ్మడి రాష్ట్రమే. మా ఆయన పనిచేసే రైల్వే వర్క్‌షాప్ కుటుంబాలు ఏటా ఒక పిక్నిక్ పెట్టుకునేవి. కుర్చీలాట, అంతాక్షరి, పులిహోర. ఆ ఏడు మా ఆయన స్నేహితుడు యాదగిరి, ఫిట్టరు, కమిటీకి పెద్దయ్యాడు. "ఎప్పుడు గదే కుర్చీలాటనా? ఈసారి రాజుల పండుగ చేద్దాం. పిల్లాజెల్లా అందరూ వేషాలు కట్టాలె. కోట ముట్టడి సుత ఉంటది" అన్నాడు. అందరూ సరేనన్నారు. రైల్వేవాళ్లం, ఒకసారి పట్టాలెక్కితే ఆగం కదా.

సైనిక్‌పురి దాటి కొంత దూరం పోతే ఒక పాడుబడ్డ రాతికోట ఉంది. పేరు చెప్పను, చెబితే సెలవు రోజున జనమంతా అక్కడే ఉంటారు. కత్తులు రేకుతో కోసి, పిల్లలకు గీసుకోకుండా అంచులు అరగదీశారు. డాళ్లు పాత ట్రంకుపెట్టెల మూతలు. మా ఆయన శిరస్త్రాణం మా ఇంటి అల్యూమినియం గిన్నే. అందులో మళ్లీ పప్పు వండాలంటే నాకు మనసొప్పలేదు.

నాన్న ఒకటే షరతు పెట్టారు. జెండాలన్నీ నీలం రంగులోనే ఉండాలి. "సిగ్నల్ రంగులతో ఆటలాడకూడదు" అని బస్సు దగ్గరే నిలబడి ఆడవాళ్ల చీరలు సైతం చూశారు. అమ్మ ఎర్ర శాలువా బస్సులోనే ఉండిపోయింది. ఇది గుర్తుంచుకోండి. ఆ రోజు కోటలో మావాళ్లెవరి దగ్గరా ఎర్రగుడ్డన్నది లేదు.

ముట్టడికి ముందు రథం. ప్లాట్‌ఫాం మీద సామాన్లు లాగే పాత బండికి రంగు కాగితాలు అంటించి తెచ్చారు. దాని మీద రాణి, మా మెర్సీ. నాకు పెళ్లయిన ఎన్నో ఏళ్లకు, ఇక పుట్టరనుకున్నాక పుట్టిన ఒక్కగానొక్క పిల్ల. అయిదేళ్లు. అట్ట కిరీటం ముక్కు మీదికి జారుతుంటే ఒక చేత్తో పట్టుకుని కూర్చుంది. బండి లాగేది నాన్న. ఫొటో తీద్దామని నేను పక్కనే నడుస్తున్నాను. వెనక సైన్యం.

యాదగిరి బూర ఊదాడు. అందరూ "జై" అంటూ కోట గుమ్మం మీదికి ఉరికారు. రథం గుమ్మానికి నాలుగు బారల దూరంలో ఉండగా నాన్న ఠక్కున ఆగిపోయారు. వెనకున్న సైన్యమంతా ఆగిపోయింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. గుమ్మం కమాను పైన ఎవరో ఎర్రజెండా పట్టుకుని నిలబడ్డారు.

నేనూ చూశాను. వెలిసిపోయిన ఎర్రగుడ్డ, దాని వెనక ఒక మనిషి. ఎండ కళ్లలో పడి ముఖం తెలియలేదు.

ఆగనివాడు ఒక్కడే, మా తమ్ముడు సుధీర్. వాడిది బ్యాంకు ఉద్యోగం. ఎర్రజెండా కనబడితే ఆగాలని వాడి ఒంట్లో లేదు. ఒంటరిగా కత్తి తిప్పుకుంటూ, అరుచుకుంటూ గుమ్మంలోంచి లోపలికి దూరిపోయాడు. వాడటు దాటాడో లేదో, కమాను మధ్య రాళ్లు కూలిపోయాయి. రథం సరిగ్గా ఆ కిందే ఉండాల్సింది.

దుమ్ము తగ్గాక చూస్తే మెర్సీ కిరీటం పట్టుకుని అలాగే కూర్చుంది. నేను దాన్ని బండిలోనే గుండెకు అదుముకుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు. "అమ్మా, కిరీటం నలుగుతోంది" అని అది నన్ను కసిరింది.

సుధీర్ గోడ చుట్టూ తిరిగి, ఒంటినిండా సున్నంతో వచ్చాడు. లోపల్నుంచి పైకి చూశాడట. కమాను మీదికి వెళ్లే మెట్లు ఎప్పుడో విరిగిపోయాయి, వాటి చోట రావిమొక్కలు మొలిచాయి. మనిషి ఎక్కడానికే లేదు. యాదగిరి నలుగురిని వెంటేసుకుని చుట్టూ వెతికాడు. మనిషీ లేడు, గుడ్డపీలికా లేదు.

అంతా భోజనాలకు కదిలారు. నాన్న కదల్లేదు.

"ఎర్ర చూపించాడు. పచ్చ చూపించకుండా బండి కదిలేది లేదు" అన్నారు.

"సార్, జెర మాటినుండ్రి. బగారన్నం సల్లారిపోతది" అన్నాడు యాదగిరి.

నాన్నకు షుగరు. ఎండ మండిపోతోంది. అమ్మ ఒక అరటాకు తెచ్చి ఆయన ముఖం ముందు ఊపింది. "ఇదిగో పచ్చ. ఇక రండి మహానుభావా."

"ఆపినవాడే పంపాలి. నువ్వు కాదు" అన్నారు నాన్న.

"ఈయన్ని కట్టుకున్నందుకు నాకు పెట్టాలి కిరీటం" అని అమ్మ అరటాకు ఆయన భుజాన పడేసింది.

అప్పుడు మెర్సీ అంది, "తాతా, ఆ తాత చెయ్యి చూపిస్తున్నాడు."

మేమంతా పైకి చూశాం. విరిగిన రాళ్లు, వాటిపైన ఆకాశం. అంతే.

"ఎలాగమ్మా?" అని అడిగారు నాన్న.

మెర్సీ ఒక చేయి పక్కకు చాచి, కదలకుండా పట్టుకుంది. "జెండా లేదుగా, అందుకని ఇలా."

నాన్న గోడ వైపు తిరిగి అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టారు. తర్వాత బండి వెనక్కి తిప్పి, భోజనాల దాకా లాక్కొచ్చారు.

పగటిపూట పచ్చజెండా లేనప్పుడు ఒక చేయి చాచి కదలకుండా పట్టుకుంటే, బయల్దేరమని. అది రూలు. ఆ సంగతి మెర్సీకి ఎప్పుడూ చెప్పలేదని నాన్న ప్రార్థనలో కూర్చుని మరీ అన్నారు. ఆయన అబద్ధమాడరు. మాకెవరికీ అది తెలియను కూడా తెలియదు.

"గా కోట కట్టినప్పుడు రైళ్లేడివి సార్? పైన నిలవడ్డది గా కోట సిపాయే అయితే, రైల్వే రూలు ఎట్ల తెలుస్తది?" అని యాదగిరి చాలా రోజులు పరేషాన్ అయ్యాడు.

"కాపలా ఉన్నవాడికి తెలియకుండా ఉంటుందా" అని మాత్రం అన్నారు నాన్న. ఆ తర్వాత ఇంట్లో ఆయన్ని చూసి ఎవరం నవ్వలేదు.

ఇప్పుడు నాన్న లేరు. మెర్సీ బేగంపేటలో ఉద్యోగం చేస్తోంది. దానికి కిరీటం గుర్తుంది, చెయ్యి గుర్తులేదు. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. మరి ఆ రోజు నా బిడ్డ దారికి అడ్డం నిలబడ్డది ఎవరంటే, చెప్పలేను.

ఎవరైతేనేం, ఒక థాంక్స్ చెప్పుకోవాలి కదా. కోట వైపు వెళ్లే బస్సు కనబడితే, చుట్టూ చూసుకుని, రోడ్డు పక్కన ఒక చేయి చాచి కదలకుండా పట్టుకుంటాను. మొన్న అలా పట్టుకుంటే బస్సే ఆగిపోయింది. నేను ఎక్కలేదు.

"ఏందమ్మా, ఎక్కవు? గట్లనైతే చెయ్యెందుకు పెట్టినవ్?" అని కండక్టర్ గయ్యిమన్నాడు.

"మీక్కాదు బాబూ" అన్నాను.