రెండు వేళ్ల సందు

భావనపాడు లక్ష్ముడు ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్ బోట్ల మీదే ఉంటాడు. అక్కడి రేవు రోడ్డు మీద నేలకి ఆనుకున్నట్టు సాగిపోయే కార్లను చూసి మనసు పారేసుకున్నాడు. కిందటేడు ఊరొచ్చినప్పుడు పాత కారొకటి కొని, స్ప్రింగులు కోయించి, బాగా కిందకి దింపించాడు. దాని చుట్టూ తిరిగి తిరిగి చూసుకున్నాడు. తనివితీరా తోలకుండానే మళ్లీ రైలెక్కాడు.

లక్ష్ముడి తల్లి గురమ్మను నడుం వైద్యానికి టెక్కలి తీసుకెళ్లడం కోసం అతని భార్య హేమ డ్రైవింగ్ నేర్చుకుంది. బోటు సముద్రంలోకి వెళ్తే వారాల తరబడి లక్ష్ముడి ఫోను పలకదు. ఒడ్డెక్కగానే అతని మొదటి మాట, "కారు ఫొటో ఎట్టు. పక్కనుంచి తియ్యి" అనే. తన ఫొటో కూడా అడిగితే బాగుండునని హేమకు ఉండేది.

ప్రతి గుంతకీ గురమ్మ కేక పెట్టేది. "ఒసే, నడుం ఇరిగిపోతన్నాదే!"

ఒక వానరోజు మలుపులో చిన్న గతుకు తగిలి కారు వెనకభాగం ఎగిరి పక్కకు జారింది. ఎదురుగా లారీ. ఎలాగో తప్పించింది గానీ, టెక్కలి చేరగానే హేమ కారును నేరుగా మెకానిక్ షెడ్డుకి తోలింది.

మెకానిక్ ఎర్రన్న కారు కింద దూరి చూసి వచ్చాడు.

"స్ప్రింగు కోస్తే సూడ్డానికి బాగానే ఉంటాది సెల్లీ. మరి సక్రం పైకీ కిందకీ ఆడ్డానికి సోటేదీ? గతుకొస్తే అడుక్కి కొట్టేస్తాది, టైరు రోడ్డొదిలేస్తాది. కంపెనీ ఎత్తుకి తెచ్చీమంటావేటి?"

"మరీ ఎత్తొద్దన్నా. మా బావ సూస్తే తన కారులాగే అగుపడాల."

ఎర్రన్న కంపెనీవాటికన్నా కొంచెం పొట్టి స్ప్రింగులు, వాటికి సరిపడే షాకబ్జార్లు తెప్పించి బిగించాడు. టైరుకీ దాని పైనుండే బాడీ అంచుకీ మధ్య రెండు వేళ్ల సందు వచ్చింది. తిరుగుదారిలో గురమ్మ నిద్రపోయింది.

ఆ తర్వాత హేమ ముందునుంచి తీసిన ఫొటోలే పంపింది. లక్ష్ముడు పట్టేశాడు.

"పక్కది తియ్యవేటి? ఎత్తించీసినావా?"

జరిగిందంతా చెప్పింది.

"నీకేటైనా తగిలిందా?"

"నేదు బావా."

వేసవిలో వచ్చినప్పుడు లక్ష్ముడు టైరు మీద వేళ్లు పెట్టి చూసి, "ఇంకో వేలు దించొచ్చు" అన్నాడు. మర్నాడు తల్లిని ఎక్కించుకుని టెక్కలి వెళ్లొచ్చాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు. రోజూ ఇద్దరూ కారేసుకుని ఒడ్డు వెంట తిరిగారు. సెలవు ఇట్టే అయిపోయింది.

ఆగస్టులో పలాస స్టేషనుకు హేమే తోలింది. పూండి దారి దగ్గరైనా టెక్కలి వైపు తిప్పింది. అది చుట్టుదారని లక్ష్ముడికి తెలుసు. సీటు వెనక్కి వాల్చుకుని, రోడ్డు మానేసి ఆమెనే చూస్తూ కూర్చున్నాడు.