పసుపు రాసిన కొబ్బరిచిప్ప

ఆ రోజుల్లో నాకు తెలియనిదంతా మూఢనమ్మకమే. గుడివాడ హేతువాద సభల్లో వాదించి వాదించి గొంతు పదునెక్కింది గాని, చూపు మాత్రం ఇంకా మొద్దుగానే ఉండేది. బందరులో ట్యుటోరియల్ మాస్టారుగా చేరి, గిలకలదిండిలో ఒక తండేలు ఇంట్లో అద్దెకు దిగాను. తండేలంటే పడవను నడిపించే పెద్ద. ఊరంతా ఆయన్ని మావయ్య అనేది, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆ ఏడు హంసలదీవి దాకా తెరచాప పడవల పందెం పెట్టారు. గెలిచినవాళ్లకు కొత్త తెరచాప. మావయ్య చాప నిండా అతుకులే. అది చిరిగితే ఆ సీజను వేట లేనట్టే.

నన్నూ పడవెక్కించుకున్నారు (బరువుకేమోనని ఇప్పుడు అనుమానం). రేవు దాటగానే మావయ్య పసుపు రాసిన కొబ్బరిచిప్పను నీళ్లలో వదిలి, కళ్లు చికిలించి చూశాడు. అది దక్షిణంగా, లోతు వైపు కొట్టుకుపోయింది. "లోతుకి పోదాం" అన్నాడు. నాలో ఉపన్యాసకుడు లేచాడు. చిప్ప చెబితే దారి మార్చడమేమిటి, ఒడ్డు వెంట తిన్నగా పోతే దూరం తక్కువ కదా అని వాదించాను. పడవలో ఉన్న ఇద్దరు కుర్రాళ్లూ నా శిష్యులే, నా మాటకే తలాడించారు. మావయ్య ముఖం చిన్నబోయింది. "సరే మాస్టారూ, మీ లెక్కే కానివ్వండి."

ఒడ్డు దగ్గర నీరు చచ్చినట్టు పడి ఉంది. లోతుకు పోయిన పడవలు మమ్మల్ని దాటిపోయాయి. ఆలస్యంగా మేమూ అటు తిప్పేసరికి ఉత్తరం నుంచి సరుకు ఓడ వస్తోంది. దాని ముందునుంచి దాటేయగలమని మళ్లీ నా లెక్క. "దానికి మనం కనపడం మాస్టారూ. కనపడినా ఆగడం దానివల్ల కాదు" అంటూ మావయ్య ఒక్కసారిగా చుక్కాని తిప్పాడు. ప్రాణాలు దక్కాయి. ఆ మలుపులో గాలి విసిరికొట్టి చాప మాత్రం పైనుంచి కిందికి చిరిగిపోయింది.

మర్నాడు ఇసుకలో కూర్చుని ఆయన కుడుతుంటే దారం అందిస్తూ, ఆ చిప్ప ఏ దేవతకని అడిగాను.

"దేవతేంటండీ? నీరు ఎటు లాగుతుందో తెలియొద్దా?"

"మరి పసుపు?"

"దూరానికి కనపడుద్ది."

ఆ కుట్లు గాలికి నిలవలేదు. సీజనంతా మావయ్య వేరేవాళ్ల పడవలో కూలికి వెళ్లాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఇప్పటికీ మూఢనమ్మకాల మీద నిప్పులు చెరుగుతూనే ఉన్నాను, కాకపోతే ముందు "ఎందుకు చేస్తున్నారు?" అని అడుగుతున్నాను. ఆ ఒక్క ప్రశ్న అడగడం మరచిన కుర్ర హేతువాది గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ నవ్వు ఎప్పుడూ పూర్తికాదు.