చెమ్మ మీద కాంక్రీటు

మా బావ, అంటే అక్క మొగుడు, ఇరవై రెండేళ్ళు రోడ్డు సొరంగాల్లో కాంక్రీటు కొట్టాడు. అందరూ ఆయన్ని నున్నటి మేస్త్రి అనేవారు. రాయి పేల్చి, ముక్కలు ఎత్తిపోశాక గరుకుగా మిగిలిన కొండ మీద ఆయన కాంక్రీటు చిమ్మే నాజిల్ తిప్పాడంటే కొత్తింటి గోడే. వెనక పంపు నడిపేది నేను కాబట్టి తిట్లన్నీ నాకే. "ఒరేయ్, ఇది కాంక్రీటా, కడుగునీళ్ళా?" అని రోజుకు పదిసార్లు అరిచేవాడు.

రాయిలో ఎక్కడైనా నీరు చెమరుస్తుంటే ముందు అక్కడ ప్లాస్టిక్ పైపు గుచ్చి నీటికి దారి ఇవ్వాలి. ఆ తర్వాతే కాంక్రీటు. లేకపోతే నీరు వెనక చేరి, చేరి, పైపొరను తోసేస్తుంది. ఇది పనిలో చేరిన మొదటి రోజే చెప్పే మాట. బావకేమో పైపులంటే ఒళ్ళు మంట. మొహం మీద పులిపిర్లలా ఉంటాయట.

ఆ రోజు పెద్ద అధికారులు వస్తున్నారన్నారు. పొద్దున్నే కాంక్రీటు కొట్టాం. అది గట్టిపడిందని పరీక్ష చేసి చూశాక మా అన్నయ్య లోపలికి వెళ్ళాడు. లిఫ్టు బుట్టలో నిలబడి కొండలోకి బోల్టులు దిగ్గొట్టడం వాడి పని. మేమిద్దరం బయట టీ తాగుతున్నాం. బావ గ్లాసు పట్టుకున్నాడు కానీ తాగడం లేదు.

"ఏమైంది బావా?"

"కుడివైపు గోడ వంపు తిరిగే చోట అరచేయంత చెమ్మ ఉందిరా. పైపు పెట్టలేదు. గట్టిపడే మందు ఇంకాస్త పెంచి కప్పేశాను."

అన్నయ్య ఎడమ నుంచి కుడికి వస్తాడు. ఆ చోటికి మహా అయితే ఇంకో రెండు బోల్టులు. డ్రిల్లు అదురుకు అది ఊడిందంటే నేరుగా వాడి నెత్తి మీదే.

సైరన్ నొక్కితే అందరూ బయటికొస్తారు. కానీ నొక్కినవాడు కారణం రాసి సంతకం పెట్టాలి. పైపు పెట్టలేదని రాస్తే నాజిల్ పట్టే లైసెన్సు కార్డు ఆ పూటే పోతుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు నాకు బావ పరువే కనబడింది.

"రాయకు బావా. మెల్లగా వెళ్ళి అన్నయ్యని ఏదో వంకతో దింపేసి ఓ చిల్లు పొడుద్దాం. ఎవరికీ తెలీదు."

"వంక దొరికేలోపు వాడు చస్తాడు," అని గ్లాసు కింద పెట్టి పరిగెత్తాడు.

సైరన్ మోగింది. ఒక్కొక్కరే వస్తున్నారు, అన్నయ్య మాత్రం కనబడడు. బుట్ట దిగడానికి అంతసేపా అని నా పై ప్రాణాలు పైనే పోయాయి. చివరికి విసుక్కుంటూ వచ్చాడు. ఇంజనీరు దూరం నుంచే లైటు వేయించి చూశాడు. తడి లేదు, పగులు లేదు.

"అద్దంలా ఉంది కదయ్యా, ఎక్కడ?"

"అదే సార్ ఇబ్బంది," అన్నాడు బావ.

పొడవాటి చెయ్యి ఉన్న డ్రిల్లు యంత్రాన్ని దూరం నుంచే నడిపించారు. జానెడు లోతు దిగిందో లేదో నీళ్ళు చిమ్మాయి. వెంటనే తలుపంత పెళ్ళ విరిగి పడింది. సొరంగమంతా దుమ్ము.

అన్నయ్య నేరుగా వచ్చి బావను చెంప మీద కొట్టాడు. అక్క మొగుడి మీద మా ఇంట్లో ఎవరూ గొంతు కూడా పెంచలేదు, అలాంటిది కొట్టాడు. బావ తల వంచుకుని నిలబడ్డాడు. కార్డు ఇంజనీరు చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత అన్నయ్య నా భుజం పట్టుకుని, "నువ్వే సైరన్ కొట్టమని ఉంటావు, నాకు తెలుసు," అన్నాడు. బావ నా వంక చూసి ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఇప్పటికి నాలుగేళ్ళు, ఇంకా చెప్పలేదు.