బావ గుండెకి లేమినేషన్

దెయ్యాలనీ శకునాలనీ నేనెప్పుడూ నమ్మలేదు. సాలూరు ఘాట్‌లో లారీ దింపేవాడు బ్రేకును తప్ప దేన్నీ నమ్మడు. ఏడో తరగతితో బడి మానేసినా ఆ మాత్రం జ్ఞానం నాకుంది.

మా అక్క మొగుడూ నేనూ ఒకే లారీకి డ్రైవర్లం. పోయిన వేసవిలో బావకి మెట్లెక్కితే గుండె పట్టేసేది. సాలూరులో డాక్టరు ఈసీజీ తీశాడు. గీతలు కొన్నిచోట్ల కొంచెం కిందకి దిగాయి, విశాఖ వెళ్లి యాంజియోగ్రామ్ చేయించుకోండి అన్నాడు. ఈ కాగితం జాగ్రత్త, మళ్లీ నొప్పొస్తే దీంతో పోల్చి చూడాలి అని కూడా చెప్పాడు.

జాగ్రత్త అంటే లారీవాళ్లకి ఒకటే అర్థం. ఆర్సీ, పర్మిట్, ఏదైనా సరే లేమినేషన్ చేయించేస్తాం. తిన్నగా జిరాక్సు షాపుకి పట్టుకెళ్లాను. వేడి తగిలితే నల్లబడే కాగితమని నాకేం తెలుసు? మిషన్‌లోంచి పలకలా బయటికొచ్చింది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నలుపే.

"ఒరే బామ్మర్దీ, నా గుండెకి తారు రోడ్డేసీసినావేట్రా!" అని బావ ఒకటే నవ్వు. నేను ఫోటో తీసి డ్రైవర్లందరికీ పంపాను. "లోడ్లున్నాయిరా, వానలొచ్చాక ఎల్దాంలే విశాఖ" అన్నాడు. అక్క ఆ అట్టని దేవుడి పటాల పక్కన పెట్టింది.

వానలొచ్చాయి. ఒక ఉదయం టైరు విప్పుతూ బావ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. బొబ్బిలి ఆసుపత్రిలో డాక్టరమ్మ ఈసీజీ తీసి, పాతది ఉందా అంది. అక్క వస్తూ సంచిలో వేసుకొచ్చిన నల్ల అట్టని సిగ్గుపడుతూ ఇచ్చాను.

"ఈ ఒక్క గడీ ఎలా మిగిలింది?" అంది.

పై వరుసలో రెండో గడి తెల్లగా ఉంది. ఇంగ్లీషులో ఏవీఆర్ అని ఆ గడి పేరు, పక్కన పైకి లేచిన గీత.

"పొద్దున కూడా నల్లగానే ఉన్నాదమ్మా. దీపమెట్టినప్పుడు సూసినాను కదా" అంది అక్క.

డాక్టరమ్మ కొత్త కాగితాన్ని అట్ట పక్కన పెట్టి చూసింది. కొత్తదాంట్లో చాలా గడుల్లో గీత కిందకి దిగింది, ఆ గడిలో మాత్రం లేచింది. ఇలా ఉంటే గుండెకి ఎడమవైపు వెళ్లే పెద్ద నాళమే పూడిపోయి ఉండొచ్చు, ఆలస్యం చేయొద్దు అంది. రెండు కాగితాల్లో ఆ గీత అచ్చం ఒకేలా ఉంది.

అంబులెన్సులో బావ నా చెయ్యి వదల్లేదు. "డ్రైవరు గేర్లు సరిగ్గా మార్సటం లేదురా, సెప్పు" అన్నాడు. విశాఖలో యాంజియోగ్రామ్ తీస్తే ఆ పెద్ద నాళమే. ఆపరేషన్ బల్ల ఎక్కకుండానే పోయాడు.

తర్వాత సాలూరు డాక్టర్ని అడిగాను. వేసవిలో ఆ గడిలో గీత లేవలేదన్నాడు, తన పుస్తకంలో రాసుకున్నది చూపించాడు. జిరాక్సు షాపతను, నల్లబడింది మళ్లీ తెల్లబడదన్నాడు.

నా ఫోన్‌లో ఆ ఫోటో ఇంకా ఉంది, పూర్తిగా నలుపు. అట్ట మీద ఆ గడి ఇంకా తెలుపే. ఆ గీతతో ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో నాకు తెలీదు. చెప్పేవాళ్లు వేసవిలోనే చెప్పుంటే, లోడ్లు పారేసి బావని భుజాన వేసుకెళ్లేవాణ్ణి.