దొంగ వదిలేసిన తుపాకీ

మేమంతా చర్చిలో పాట అందుకుని ఉన్న వేళ చూసి ఓమా స్టాలార్డ్ ఇంట్లో దొంగలు పడ్డారు. వెనక తలుపు తన్ని విరగ్గొట్టారు. చనిపోయిన ఆమె భర్త ఆర్విల్ నొప్పి మాత్రలు, అతని చేతి గడియారం, అతని పన్నెండు బోరు పెద్ద తుపాకీ పట్టుకుపోయారు. పిండి డబ్బా వెనక ఆనించి ఉన్న సన్నగొట్టం తుపాకీని మాత్రం ఒకసారి ఎత్తి చూసి, మళ్ళీ అక్కడే పెట్టారు. దాని మీది పిండిలో వేళ్ళ గుర్తులు పడి ఉన్నాయి.

పోయినవాటికన్నా ఆ వేళ్ళ గుర్తులే ఓమాను ఎక్కువ గుచ్చాయి. ఆ తుపాకీ పెళ్ళయిన కొత్తలో ఆర్విల్ ఆమెకు కొనిచ్చింది. ఫోర్-టెన్ అంటారు దాన్ని. మా కెంటకీ కొండల్లో మగపిల్లలకు మొదట చేతికిచ్చేది అదే, మీసాలొచ్చాక అటక మీద పడేసేదీ అదే. ఓమా మాత్రం వదల్లేదు. బొగ్గు లారీ గుద్దినప్పుడు విరిగిన ఆమె కుడి భుజం సరిగ్గా అతకలేదు. పెద్ద తుపాకీ పేలినప్పటి తన్నుడు ఆ భుజం ఓర్చుకోలేదు. దీని తన్నుడైతే ఓర్చుకుంటుంది.

ఓమాది బడి వంటగదిలో పని. ఏ పిల్ల ఇంట్లో పొయ్యి రాజలేదో మొహం చూసి పోల్చుకుంటుంది, ఆ పిల్ల పళ్ళెంలో రొట్టె కింద ఇంకో రొట్టె దాచిపెడుతుంది. అందుకేనేమో, దొంగతనం జరిగిన సాయంత్రానికి ఆమె వసారా నిండిపోయింది. ఎవరో చిక్కుడుకాయల సీసాలు పెట్టారు, ఎవరో కొత్త తాళంకప్ప పెట్టి పేరు చెప్పకుండా పోయారు. వాగు ఇవతల చక్రాల మీది ట్రైలరు ఇంట్లో ఉండే ట్రెస్సీ చంటిపిల్లను భుజానేసుకుని వచ్చి, ఆ వారమంతా ఓమా దగ్గరే పడుకుంటానంది. ఓమా మొక్కజొన్న రొట్టె పెట్టి ఆమెను వెనక్కి పంపేసింది.

మర్నాడు డెల్మస్ వచ్చాడు. ఆర్విల్ తమ్ముడు. టౌన్లో టైర్ల షాపు. మంచివాడే, అన్న ఊపిరితిత్తులు బొగ్గుపొడికి పాడైపోయిన దగ్గర్నుంచి ఏటా చలికాలానికి వదిన వసారాలో కట్టెలు పేర్చేది అతనే. అతనితో ఒకటే చిక్కు. మా లోయలో ఎవరూ గేటు దగ్గర నిలబడి పేరు చెప్పి కేకెయ్యకుండా ఇంకొకరి వసారా మెట్టు ఎక్కరు. పాస్టరు బ్రదర్ హార్లిస్ అంతటివాడే కేకేస్తాడు. డెల్మస్ మాత్రం అన్న ఇల్లేగదా అని తిన్నగా వంటింట్లోకి వచ్చేస్తాడు. ఆ రోజూ అలాగే వచ్చి, సామాను సర్దుకోమన్నాడు. తమ ఇంటి కింది గదికి సున్నం కూడా వేయించాడట.

నేనప్పుడు సాయానికి వచ్చి ఆ వంటింట్లోనే సీసాలు తుడుస్తున్నాను. ఓమా కాఫీ పోసి, తాను ఎక్కడికీ రానని నిదానంగానే చెప్పింది. ఆ ఇంటి మేకుల్లో సగం తాను కొట్టినవే అంది. డెల్మస్ ఆ తుపాకీని ఒంటిచేత్తో పైకెత్తాడు.

"దొంగే వద్దనుకున్న తుపాకీ వదినా ఇది. ఉడతలు కూడా దీన్ని చూసి నవ్వుకుంటాయి."

"పులుసులో పడ్డాక నవ్విన ఉడతని నేను చూళ్ళేదు డెల్మస్."

"పిట్ట కొంచెం కూత ఘనం అంటావు, అంతేనా?"

"కూత సంగతి నువ్వు చూసుకో. మీ ఇంట్లో అందరికన్నా ఘనం నీదేగా."

అతనూ నవ్వాడు గానీ పట్టు వదల్లేదు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని ఈ తుపాకీ ఆపగలదని కళ్ళారా చూపిస్తే మళ్ళీ నోరెత్తనన్నాడు. చూపించలేకపోతే శనివారం మంచం, పరుపు బండి ఎక్కించాలన్నాడు. ఓమా సరేనంది. ఓమా మాటిస్తే తప్పదు. ఆ కింది గదిలోకి పోతే ఆమె ఎన్నాళ్ళు బతుకుతుందో మాకు తెలుసు.

ఆ వారమంతా ఓమాకు తూటాల గురించే ఆలోచన. డెల్మస్ వెళ్తూ వెళ్తూ రెండు పెట్టెలు బల్ల మీద పెట్టిపోయాడు. ఆమెను తీసుకుపోవాలనుకున్నవాడే తూటాలూ ఇచ్చిపోయాడు, అదీ అతని మనసు. ఒకదాంట్లో ఆవగింజల్లాంటి సన్నగుళ్ళు. ఫైర్ స్టేషన్ దగ్గర శనివారం శనివారం జరిగే గురి పోటీల్లో అందరూ కాల్చేవి ఆ రకమే. అక్కడ కాగితపు కార్డు మీద గీసిన గుర్తుకి ఎవరి గుండు దగ్గరగా తగిలితే వాళ్ళకి పంది తొడ బహుమానం. డెల్మస్ ఇంట్లో ఆ తొడలకు కొరత లేదు. రెండో పెట్టెలో పొడుగు తూటాలు, ఒక్కోదాంట్లో బఠాణీలంత పెద్ద గుళ్ళు.

పొడుగువి తుపాకీలో పట్టాయి, తుపాకీ మూసుకుంది కూడా. ఓమాకు ఎందుకో మనసొప్పలేదు. గొట్టం పక్కన తుప్పుని ఇనపపీచుతో ఇద్దరం రుద్దాం. తుప్పు కింద చెక్కి ఉన్న కొలత పొట్టి తూటాది. పొడుగుది లోపలికి పోయినా, పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి అక్కడ చోటుండదు. ఆ ఒత్తిడికి పాత తుపాకీ చేతిలోనే పగలొచ్చు. ఓమా ఆ పెట్టెను పక్కన పెట్టి, "ఎక్కువిస్తే మేలనుకున్నాడు, పాపం" అంది. బజారుకెళ్ళి అదే పెద్ద గుళ్ళది పొట్టి తూటాల్లో తెచ్చుకుంది. తూటాకి ఒక్కటే పెద్ద గుండుండే ఒంటిగుండువి ఆర్విల్ పాత డబ్బాలోనే దొరికాయి.

శనివారం మధ్యాహ్నం డెల్మస్ ట్రక్కు వేసుకుని వచ్చాడు, వెనక తాళ్ళతో సహా. బ్రదర్ హార్లిస్‌ను కూడా వెంటబెట్టుకొచ్చాడు. ట్రెస్సీ, నేను ముందే ఉన్నాం. ఓమా తన పడకమూల నుంచి గుమ్మం వరకు బట్టలారేసే తాడుతో కొలిచి, అంత దూరాన పెరట్లో కొండగట్టుకి ఎదురుగా ఆర్విల్ గనిలో వేసుకునే కోటును వేలాడదీసింది. దాన్నిండా తడిపిన పాత బొంతలు కుక్కింది. వెనక ఇంటిగోడ మందాన చెక్కలు నిలబెట్టింది. కోటు గుండెల మీద డెల్మస్ ఇచ్చిన పోటీ కార్డొకటి గుచ్చింది.

మొదట సన్నగుళ్ళ తూటా. ఆ కుడిభుజానికే ఆనించి కాల్చింది. కార్డు నడుమ పిడికెడంత కాగితం ఎగిరిపోయింది. డెల్మస్ దగ్గరికెళ్ళి చూసి టోపీ వెనక్కి తోసుకున్నాడు.

"తొడ నీదే వదినా. నేను ఓడిపోయాను. ఇంక తాళ్ళు ఇప్పేస్తాను."

నేను దేవుడికి దణ్ణం పెట్టేసుకున్నాను. ఓమా మాత్రం కదల్లేదు. తాళ్ళు ఉండనీ అంది. పోయి కోటు గుండీలు విప్పింది. గుళ్ళన్నీ కోటు దాటి, మొదటి బొంత మడతలోనే చిక్కుకుని ఉన్నాయి. వేలితో గీకితే రాలాయి.

"కార్డు నేను గెలిచానంటోంది. కోటు గెలవలేదంటోంది. మన ఊళ్ళో మగాళ్ళందరూ కార్డు మాటే వింటారు డెల్మస్. తలుపు తన్నుకొచ్చేవాడు కాగితం కట్టుకుని రాడు."

గెలిచిన ఆటను తానే చెరిపేసుకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు.

రెండోది ఒంటిగుండు. అది కోటును, బొంతలను, చెక్కలను దాటి కొండమట్టిలో దిగబడింది. డెల్మస్ మొహం వెలిగింది, ఇదీ తుపాకీ అంటే అన్నాడు. ఓమా ట్రెస్సీ వైపు తిరిగింది. ట్రెస్సీ చేతిలో చంటిది పాలసీసా నములుతోంది.

"నా ముందు తలుపుకి నేరుగా, ట్రెస్సీ ట్రైలర్లో ఈ పిల్ల ఉయ్యాల ఉంది. ఇది నా ఇంట్లో వద్దు" అని ఆ డబ్బాను డెల్మస్ చేతిలో పెట్టేసింది.

మూడోది పెద్దగుళ్ళది. తూటాలోని నాలుగు గుళ్ళూ అరచేతి మేర కోటులో దిగాయి, బొంతలన్నీ దాటాయి, చెక్కలో తట్టుకున్నాయి. ఒకటి మాత్రం చెక్క అవతలికి తొంగిచూసింది. డెల్మస్ దాన్ని వేలితో తడిమి, ఇది కూడా గోడ దాటేదే కదా అన్నాడు. తప్పు పట్టడానికి అన్నట్టు లేదు, నిజంగానే భయపడి అన్నట్టుంది.

"దాటుతుంది. అందుకే నిన్ననే మంచం జరిపాను" అంది ఓమా. లోపలికి తీసుకెళ్ళి చూపించింది. ఆమె నిలబడే మూల నుంచి గురి పెడితే పడకగది గుమ్మం, దానికి నేరుగా వంటింటి వెనక తలుపు, దాని అవతల ఈ కొండగట్టే. ముందు తలుపుకి అడ్డగడియ బిగించింది. అటు విరగ్గొట్టుకుని వచ్చినవాడైనా వంటిల్లు చుట్టి ఈ గుమ్మంలోకే రావాలి. పిల్లలు వచ్చినప్పుడు తుపాకీ ఆర్విల్ ఇనప బీరువాలో, తాళంచెవి ఓమా మెడలో.

బ్రదర్ హార్లిస్ అప్పుడు అడిగాడు. "మనిషి మీదికి ఎత్తగలవా సిస్టర్?"

ఓమా తుపాకీని మధ్యకి మడిచి తెరిచి, గొట్టం ఖాళీ అని చూసుకుని, బల్ల మీద పెట్టింది.

"ఆ రోజు రావద్దనే రోజూ మోకాళ్ళ మీద పడి అడుగుతున్నాను బ్రదర్. వచ్చినవాడు ఎవరి బిడ్డో, నేను రొట్టె పెట్టినవాడే అయ్యుంటాడు. ముందు అరుస్తాను. పొమ్మంటాను. పోతే దారిస్తాను, కావలసింది పట్టుకుపొమ్మంటాను. ఈ గుమ్మం దాటి నా మీదికి వస్తే మాత్రం, నేను జరగను. ఈ వయసులో నన్ను జరిపేది దేవుడొక్కడే. దొంగ కాదు, మరిది కాదు."

బ్రదర్ హార్లిస్ తల వంచుకుని చిన్న ప్రార్థన చేశాడు. డెల్మస్ బయటికెళ్ళి ట్రక్కులో తాళ్ళను చుట్టి సీటు కింద తోసేశాడు. పొడుగు తూటాల పెట్టెను ఓమా అతని చేతికిచ్చి, గొట్టం మీది కొలత చూపించింది. అతను తూటానొకదాన్ని ఆ కొలత పక్కన పెట్టి చూసి, పెట్టె మూత బిగించాడు. పచ్చడి సీసాలు రెండు చేతిలో పెట్టి ఆమె అతన్ని సాగనంపింది.

గేటు దాకా వెళ్ళాక వెనక్కి పిలిచింది.

"ఇంకోమాట అబ్బాయ్. ఇకమీదట ఈ మెట్టు ఎక్కే ముందు అందరిలాగే కేకెయ్యి."

"నా అన్న ఇల్లు వదినా ఇది."

"మీ అన్నకీ ఇదే చెప్పాను. గని నుంచి ఏ వేళకొచ్చినా గేటు దగ్గర కేకేసే వచ్చేవాడు."

తర్వాతి వారం నేను ఓమా వంటింట్లో ఆపిల్ ముక్కలు ఎండబెడుతున్నాను. రోడ్డు మీద ట్రక్కు ఆగింది. డెల్మస్ దిగాడు, భుజం మీద కొత్త తలుపు, చంకలో రంపం. అంత బరువుతో గేటు దగ్గరే ఆగిపోయాడు. ముక్కు మీద ఈగ వాలినా తోలుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"వదినా," అని కేకేశాడు, "నేను, డెల్మస్‌ని. రావచ్చా?"

ఓమా వినబడనట్టు కాఫీ గిన్నె కడిగింది. ఇంకో కేక పడేదాకా ఆగింది. అప్పుడు చేతులు తుడుచుకుని, నాకేసి చూడకుండా, వసారాలోకి వెళ్ళింది.

"రా నాయనా, రా," అంది. "ఇల్లు నాది. నువ్వు రావచ్చు."