నూనె కంతలో అక్షింతలు

నా చిన్నప్పుడు మురుంగపాక్కంలో మా ఇంటి వెనక రేకుల కొట్టంలో ఒక ముసలి ట్రాక్టరు ఉండేది. ఫ్రెంచివాళ్ళ కాలంలో కొన్నదట. ముందర హ్యాండిల్ వేసి తిప్పితే తప్ప లేచేది కాదు. ఒక్కోసారి లేవకపోగా ఆ హ్యాండిల్‌ను వెనక్కి తన్నేది. అలా తన్నే మా చిన్నాన్న మణికట్టు విరగ్గొట్టింది. దాన్ని చూస్తేనే నాకు హడలు. తాతయ్యకు మాత్రం అది ఇంట్లో మనిషి.

నాకు పదేళ్ళప్పుడు, ఇంకో పది రోజుల్లో వానలు పడతాయనగా అది మొరాయించింది. దున్నకముందే వాన పడితే ఆ ఏడు నాటు లేనట్టే. తాతయ్య అరియాంకుప్పం నుంచి ఒక మెకానిక్‌ను పిలిపించాడు. ఆయన కూడా మాలాగే తరాలుగా ఈ తమిళ ఊళ్ళలో ఉంటున్న తెలుగువాడే కాబట్టి మేం పిల్లలం మామా అనేవాళ్ళం. విప్పిన ప్రతి నట్టునూ కిరసనాయిల్లో కడిగి, తాతయ్య పాత పంచె పరిచి, విప్పిన వరసలోనే దాని మీద పేర్చేవాడు.

ఇంజను సగం విప్పి ఉండగా ఆయుధ పూజ వచ్చింది. ఆ రోజు పనిముట్టుతో పని చెయ్యకూడదు, పూజ చెయ్యాలి. మామ ముందురోజే ఇంజను కంతలన్నీ ఊది శుభ్రం చేసి, పండగ పూట ఎవరూ ముట్టరులే అన్న ధైర్యంతో ఇంటికి వెళ్ళాడు. కత్తిపీట నుంచి పార దాకా అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టి అక్షింతలు చల్లే పని అవ్వ నాకు అప్పగించింది. నేను పంచె మీది నట్లకు కూడా ఒక్కొక్కదానికీ బొట్టు పెట్టాను. పైమూత తీసేసిన ఇంజనులో చిటికెన వేలు పట్టేంత కంత ఒకటి కనబడింది. రోగం లోపలుంటే పైన బొట్టు పెట్టి ఏం లాభం అనిపించింది. చిటికెడు అక్షింతలు ఆ కంతలో పోసి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టాను. ఘనకార్యం చేశాననుకున్నాను.

మర్నాడు మామ పైమూత బిగించేశాక చిన్నాన్నతో అంటున్న మాట నా చెవిన పడింది.

“నూనె పొయ్యే దారిలో ఇసక రేణువు అడ్డం పడినా సాలు. తిరగతా తిరగతా పట్టేసిందంటే లోపలి కడ్డీ ఇరిగి పక్కనుంచి బయటికొస్తుంది. ఆడ నిలబడినోడు యాడికి పోతాడు?”

నూనె దారి ఏదని అడగాలంటే భయం, అడక్కపోయినా తెలుసు. చెబితే తాతయ్య ఏం చేస్తాడో అన్న భయం ఒకటైతే, దేవుడి అక్షింతలు తప్పని చెబితే దేవుడేం చేస్తాడో అన్నది ఇంకొకటి. రెండు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. అన్నం సహించలేదు. దిష్టి తగిలిందని అవ్వ ఉప్పు తిప్పేసింది.

మూడో రోజు పొద్దున ఇంజను తయారైంది. ఇంటిల్లిపాదీ కొట్టం ముందు చేరారు. హ్యాండిల్ తనే తిప్పుతానని తాతయ్య పంచె ఎగగట్టాడు. కడ్డీ బయటికొచ్చే పక్కనే ఆయన కాళ్ళు. ఆ కాళ్ళు చూసి నేనిక ఆగలేకపోయాను. పరిగెత్తి వెళ్ళి హ్యాండిల్‌ను వాటేసుకున్నాను. వదలమన్నా వదల్లేదు. తాతయ్య కొట్టడానికి చెయ్యెత్తాడు.

మామ అడ్డం వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. నోటితో చెప్పలేక, చూపిద్దామని పొద్దుటినుంచీ పిడికిట్లో పట్టుకునున్న, పూజ పళ్ళెంలో మిగిలిన అక్షింతలు ఆయనకు చూపించాను. అరచేతి చెమటకు పసుపంతా చేతికి అంటుకుంది. ఆయన వాటివంక చూశాడు, ఇంజనువంక చూశాడు, మెల్లిగా నా వేళ్ళు మూసేశాడు.

“పెద్దాయనా, నాకొక అనుమానం. నూనె దారిలో గుడ్డ పీలిక మరిచిపోయినట్టుండా. మళ్ళీ విప్పల్ల,” అన్నాడు లేస్తూ.

తాతయ్య అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. మబ్బులు చూపించి, నువ్వూ ఒక మెకానిక్కువేనా అని అందరి ముందూ తిట్టాడు. మామ తల వంచుకుని పానా అందుకున్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అంతా విప్పి, కింది నూనె తొట్టి కూడా దించి, వంచిన తీగతో ఒక్కో గింజా లాగాడు.

“పైనంతా సామిది పాపా, లోపల నాకిడిసిపెట్టు,” అన్నాడు చిన్నగా.

మర్నాడు సాయంత్రం ఇంజను లేచింది. వానకు ముందే దున్నకమూ అయింది. కానీ ఆ తరవాత తాతయ్య ఆయన్ను మళ్ళీ పిలవలేదు. పనోడే గానీ ఒట్టి మతిమరుపు మనిషి అనేవాడు. అలా అన్న ప్రతిసారీ నేను అక్కడే ఉన్నాను. ప్రమాదం ఎప్పుడో దాటిపోయినా నోరు విప్పలేదు. ఓసారి బస్సులో మామ కనబడి, బండి బాగా నడస్తాండాదా పాపా అని అడిగితే తలూపి దిగిపోయాను. ఇంకొన్నేళ్ళకు తాతయ్యా, మామా ఇద్దరూ పోయారు.

ఇప్పుడు నా మనవలెవరైనా పిడికిలి బిగించి మూల నిలబడితే గద్దించను, చెయ్యి తెరిచేదాకా పక్కనే కూర్చుంటాను. అది మామ దగ్గర నేర్చుకున్నదే. తెరిచాక మాత్రం, పద, నేనూ వస్తాను, ఇద్దరం వెళ్ళి చెబుదాం అంటాను. వాళ్ళ చెయ్యి పట్టుకుని నడుస్తుంటే ప్రతిసారీ ఆ కొట్టమే గుర్తొస్తుంది. అక్కణ్ణుంచి తాతయ్య కూర్చునే పెరటి అరుగు పది అడుగులు కూడా ఉండదు.