వేటకుక్కకు గులాబీ రిబ్బను

మా కుక్కను ముద్దుకుక్కల వరసలో నిలబెట్టి, రెండో బహుమతి అని మెడకు గులాబీ రిబ్బను కట్టబోయారు. అది వేటకుక్క.

మొదటి బహుమతి దూదిఉండలాంటి తెల్లకుక్కకు పోయింది, పోనీ. నా గోల దాని గురించి కాదు. అసలు ఆ వరసలో మావాడికేం పని? కుక్కల పోటీకి పేరు ఇచ్చేటప్పుడే వేటకుక్క అని చెప్పాను. చెప్పి నవ్వించుకున్నాను.

మావాడిది డాషండ్ జాతి. బడి వదిలాక పాతపుస్తకాలు కొనుక్కుని చదువుకున్నవాణ్ణి. తెలుసుకోకుండా దేన్నీ ఇంట్లోకి రానివ్వను. జర్మనీ అడవుల్లో బ్యాడ్జరని ఒక జంతువుంది. మన పందికొక్కుకు పెద్దన్న అనుకోండి. బొరియలో దూరి దాన్ని పట్టడానికి తరతరాలుగా పెంచిన జాతి ఇది. బొరియ ఇరుకు గనక కాళ్ళు పొట్టి. మట్టికింద ఊపిరాడాలి గనక ఛాతీ వెడల్పు. ఎక్కడ తవ్వాలో పైనున్న వేటగాళ్ళకు తెలియాలి గనక గొంతు పెద్దది. మొండితనమంటారా, చీకట్లో యజమానిని సలహా అడగడం కుదరదు కదా! మావాడు 'రా' అంటే ఇంతవరకూ రాకపోవడానికి కారణమదే. మా ఆవిడ దాన్ని పొగరంటుంది, చరిత్ర తెలియక.

పొట్టివాళ్ళను చూసి నవ్వడం నాకు కొత్త కాదు. హార్బర్లో పనిచేసిన రోజుల్లో నన్ను చూసీ నవ్వేవారు. ఓడ అడుగున బస్తాల మధ్య ఏదన్నా ఇరుక్కుంటే మాత్రం ఆ పొడుగు మారాజులందరూ నా కోసమే కేకలేసేవారు.

పోటీ మా మల్కాపురం కాలనీ గ్రౌండులో. మావాణ్ణి తీసుకెళ్ళి అల్సేషన్ పక్కన నిలబెట్టాను. ఎదురింటాయన, నన్ను బావా అని పిలిచే చనువున్నవాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏటి బావా, దీన్నిలా సాగదీసినావేటి? మద్దిన ఇంకో రెండు కాళ్ళు పెట్టడం మర్సిపోనావేటి?"

"బొరియలోకి నువ్వెళ్తావేటి బావా? ఆ పొట్టతో గుమ్మమే దాటనేవు," అన్నాను.

ఇంతలో కాలనీ సెక్రటరీ వచ్చాడు. గోదావరి జిల్లా మనిషి, స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యాడు. చెంపదెబ్బ కొట్టినా 'అండీ' అనే కొడతాడు. "మాస్టారూ, తమరిది ఆ చివర ముద్దుకుక్కల్లోకండీ. ఇక్కడుంటే పెద్దకుక్కలు తొక్కేస్తాయండీ," అని గొలుసు తనే పట్టుకుని నడిపించేశాడు.

ఆ చివరన, గోడవార, ఒక పందికొక్కు బొరియ ఉంది. కమిటీకి తెలియదు. మావాడికి తెలిసింది.

బహుమతులు చదివేసరికి వాడు నడుముదాకా లోపలున్నాడు. పోటీ జడ్జిగారు రిబ్బను పట్టుకుని, మెడ కోసం వెతుక్కుంటూ వచ్చి, తవ్విపోసిన మట్టిమీద అడుగేశారు. మట్టి దిగబడింది. కాలు పైకొచ్చింది, ఎడమ బూటు రాలేదు. మరుక్షణం మావాడు మొత్తం లోపలికి మాయమయ్యాడు.

నేలలోంచి మొరుగుడు వినిపించింది. ముందు జడ్జిగారి కింద, తర్వాత కుర్చీల కింద. జనం కాళ్ళు పైకెత్తేసుకున్నారు.

"సూసేరా! ఇందుకే ఆ గొంతు! ఇప్పుడు మీరు పైనుంచి తవ్వాలి!" అని అరిచాను. ఒక్కడూ పార తేలేదు. పాండిత్యానికి ఈ ఊళ్ళో ఉన్న గౌరవం అంతే.

కాసేపటికి మావాడే వచ్చాడు, బూటుతో. పందికొక్కు సంగతి దేవుడెరుగు. బూటును చెడామడా విదిలించి, చచ్చిందని రూఢి చేసుకుని, తలెత్తి ఇంటిదారి పట్టాడు. జడ్జిగారు ఒంటిబూటుతో వెంట కుంటుతూ వచ్చారు. వాడు వదల్లేదు. పట్టింది వదిలితే వాడు డాషండే కాదు.

"ఆ బూటేదో ఇచ్చీండి, పరువు పోతంది," అంది మా ఆవిడ.

"పోయింది వీడి పరువు. వేటకుక్కని ఒప్పుకుంటేనే బూటు," అన్నాను. "అయినా నాను అడిగితే ఇస్తాడేటి?"

సెక్రటరీకి రోజూ ఫోనులో మెసేజీలు రాశాను. కాళ్ళ గురించి, ఛాతీ గురించి, జర్మనీ గురించి. జవాబు లేదు. ఈలోగా బూటు మావాడి పరుపుమీదకు చేరింది. లేసుల కింది నాలుక ముందు పోయింది, తర్వాత మడమ.

మొన్న వచ్చింది జవాబు:

"మాస్టారికి నమస్కారమండీ. కమిటీ కూర్చుని తేల్చింది. తమరిది వేటకుక్కేనండీ. వచ్చేసారి అల్సేషన్ పక్కనే నిలబెడతాం, అల్సేషన్ వాళ్ళు ఒప్పుకుంటే. జడ్జిగారి ఎడమ బూటు, మిగిలినంత మేరకు, పంపించగలరు."